పాత పెట్రోల్ ట్రక్కు, వాక్యూమ్ లీకు, పొగ పరీక్ష: అపోహలు – వాస్తవాలు

వాక్యూమ్ లీకంటే, సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డులోకి ఏ కంతలోంచో లెక్కలో లేని గాలి దూరడం. ముందే చెబుతున్నా, ఇది పెట్రోల్ ఇంజన్ల సంగతి. చాలా పాత డీజిల్ లారీల్లో గాలిని అడ్డగించే థ్రాటిల్ ప్లేటే ఉండదు. మానిఫోల్డులో చెప్పుకోదగ్గ వాక్యూమ్ (గాలిని లాగే గుణం) తయారవదు కాబట్టి వాటికి ఈ లెక్కలు పనికిరావు. కార్బురేటర్‌తోనో, తొలితరం ఫ్యూయల్ ఇంజెక్షన్‌తోనో నడిచే పాత పికప్ ట్రక్కులున్నవాళ్లు జబ్బేదో తెలియకముందే పార్టులు కొని డబ్బు పోగొట్టుకోవడం తరచూ చూస్తుంటాను. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: లీన్ కోడ్ వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సర్ పోయినట్టే.

గాలికి తగ్గ పెట్రోల్ లేదని, అంటే లీన్ అని, బండి కంప్యూటర్ చూపించే పీ0171, పీ0174 కోడ్లు వచ్చిన బండికి చాలామంది మొదట మార్చేది సెన్సర్నే. కానీ ఎక్కువసార్లు ఆ సెన్సర్ నిజమే చెబుతుంటుంది. సైలెన్సర్ వైపు వెళ్లే వాయువులో ఆక్సిజన్ మిగిలిపోయిందన్నదే దాని ఫిర్యాదు. ఎందుకు మిగిలిందో కనుక్కోవడం మన పని. వాక్యూమ్ లీకు కావచ్చు, పెట్రోల్ ప్రెషర్ చాలకపోవచ్చు, గాలిని కొలిచే మాఫ్ సెన్సర్‌కి మురికి పట్టి ఉండొచ్చు. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డు పగిలి బయటి గాలిని లాగుతున్నా, ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండక మిస్ అవుతున్నా ఇదే కోడ్ రావొచ్చు.

వీటిని విడదీయడానికి కోడ్లు చదివే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో. మాఫ్ ఉన్న బండిలో ఐడిలింగ్‌లో ప్లస్ 20 శాతం చూపించి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలబెడితే ప్లస్ 3, 4కి దిగిందంటే అది దాదాపుగా వాక్యూమ్ లీకే. ఐడిలింగ్‌లో ఇంజన్ తీసుకునే గాలే తక్కువ, పైగా మానిఫోల్డులో లాగుడు ఎక్కువ. అందుకే చిన్న కంత కూడా పెద్ద వాటా తీసుకుంటుంది. రేస్ పెంచేకొద్దీ ఆ దొంగగాలి వాటా చిన్నదైపోతుంది. దీనికి తలకిందులుగా, ఐడిలింగ్ బాగుండి లోడ్ మీద ట్రిమ్ పెరిగితే పెట్రోల్ పంపు, ఫిల్టర్, మాఫ్ వైపు వెళ్లండి. సిలిండర్లు రెండు వరుసలుగా ఉండే వీ ఇంజన్‌లో ఒక పక్క ట్రిమ్ మాత్రమే పెరిగితే ముందుగా ఆ పక్క ఇన్‌టేక్ గాస్కెట్‌ని, అంటే మానిఫోల్డు అతుకులో గాలి దూరకుండా ఆపే పొరని, అనుమానించాలి.

మాఫ్ లేకుండా, మానిఫోల్డు ప్రెషర్‌ని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే బండి వేరు. లీకు వల్ల మానిఫోల్డు ప్రెషర్ పెరిగితే కంప్యూటర్ ఆ మేరకు పెట్రోల్ కూడా పెంచేస్తుంది. ట్రిమ్ మామూలుగానే కనిపించొచ్చు, ఐడిలింగ్ మాత్రం ఎత్తుగా ఉండిపోతుంది. ట్రిమ్ బాగుంది కదా అని ఇలాంటి బండిని వదిలేయకండి.

అపోహ: స్ప్రే కొడితే లీకు ఎక్కడున్నా దొరుకుతుంది.

నడుస్తున్న ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ లాంటి స్ప్రే కొట్టి, రేస్ మారిన చోటే లీకు అనుకోవడం అలవాటు. బయట ఉన్న లీకు అలా దొరకొచ్చు. వీ ఇంజన్‌లో ఇన్‌టేక్ గాస్కెట్ అడుగుపక్క తెగితే కింద ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోంచి గాలిని, దాంతోపాటు ఆయిల్ ఆవిరిని లాగేసుకుంటుంది. అక్కడికి మీ స్ప్రే చేరదు. ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, ప్లగ్గులు తడిగా వస్తాయి, పైపైన ఎంత వెతికినా ఏమీ కనపడదు. క్రాంక్‌కేసు ఆవిరిని మానిఫోల్డుకి పంపే పీసీవీ గొట్టం, క్రాంక్‌కేసులోకి గాలి వచ్చే గొట్టం రెండూ తీసి, క్రాంక్‌కేసు వైపు మూసి, మానిఫోల్డు వైపు కంత కూడా మూసి, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత దగ్గర అరచెయ్యి పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ చేతిని కొద్దిగా తోస్తుంది. లోపలికి లాగితే అడుగు గాస్కెట్ పోయింది.

ఇంకో సంగతి, స్ప్రే మండుతుంది. పాత ప్లగ్ వైర్ల నిప్పురవ్వలు, వేడి మానిఫోల్డు పక్కనే ఉంటాయి. వీలైతే స్మోక్ మిషన్ వాడండి. ఇంజన్ ఆపి, ఒక పీఎస్‌ఐ లోపు ప్రెషర్‌తో పొగ పంపితే కంత దగ్గర సన్నటి దారంలా బయటికొస్తుంది. రబ్బరు గొట్టాల విషయంలో కొసల్ని వేళ్లతో వంచి చూడటం మరవద్దు. మధ్యలో మెత్తగా, కొత్తదానిలా కనిపించే గొట్టం నిపుల్ మీద ఎక్కే చివరి అరంగుళంలోనే గట్టిపడి, వంచినప్పుడే చీలిక నోరు తెరుస్తుంది.

అపోహ: వాక్యూమ్ గేజ్ తక్కువ చూపిస్తే లీకు ఉన్నట్టే.

సముద్రమట్టం దగ్గర ఐడిలింగ్‌లో గేజ్ 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) స్థిరంగా చూపించాలి. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. అంతకంటే తక్కువున్నా లీకే కానక్కర్లేదు, ప్లగ్ నిప్పురవ్వ టైమింగ్ ఆలస్యం కావచ్చు, టైమింగ్ చైను సాగి ఉండొచ్చు. ముల్లు ఒకే లయలో కొట్టుకుంటుంటే వాల్వు చూడండి. 2500 దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లగా దిగిపోతుంటే ఎగ్జాస్ట్ పూడుకుపోయి ఉండొచ్చు.

అపోహ: పొగ పరీక్షలో ఫెయిలైతే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలి.

ఇది స్మోక్ మిషన్ పరీక్ష కాదు, బండి వదిలే కాలుష్యాన్ని కొలిచే పరీక్ష; ఆ కాలుష్యాన్ని ఎగ్జాస్ట్‌లో తగ్గించేది కన్వర్టర్. ముందు రిపోర్టు చదవండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. థర్మోస్టాట్ తెరుచుకుపోయి ఇంజన్ వేడెక్కకపోయినా, పెట్రోల్ ట్యాంకు ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు మూసుకోకపోయినా ఇలా జరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ తక్కువ, హైడ్రోకార్బన్లు ఎక్కువ ఉంటే ఎక్కడో మిస్ అవుతోంది, వాక్యూమ్ లీకు మీద అనుమానం బలపడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగితే, ఎగ్జాస్ట్ వాయువులో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ చూడండి. మిస్ ఫైరింగ్ సరిచేయకుండా కొత్త కన్వర్టర్ వేస్తే, మండని పెట్రోల్ దానిలోకి చేరి, అక్కడే మండి దాన్నీ కరిగించేస్తుంది.

అపోహ: ఈజీఆర్ మూసేస్తే బండికి మంచిది.

మూసేస్తే మంట వేడి పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, చాలా ఇంజన్లు లోడ్ మీద నాకింగ్ మొదలుపెడతాయి. అది మూయాల్సింది కాదు, శుభ్రం చేయాల్సింది.

అపోహ: ఐడిల్ స్క్రూ తిప్పితే సరిపోతుంది, చిన్న లీకుతో ప్రమాదమేమీ లేదు.

ఈ మాట నాకు భయం పుట్టిస్తుంది. ఆ లీకు, వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌ది కావచ్చు. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు నొక్కండి. తర్వాత కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోయినా, నొక్కి పట్టుకున్నప్పుడు బుస్సుమని శబ్దం వస్తూ ఇంజన్ తడబడినా, బూస్టర్, చెక్ వాల్వు, వాటి గొట్టం చూసేదాకా ఆ ట్రక్కు రోడ్డెక్కించకండి.