స్టాంపు లేని ఉత్తరాలు: వియత్నాం యుద్ధకాలంలో ఒక సెనేటర్ తపాలా

వియత్నాంలో ఉన్న అమెరికా సైనికుడు ఇంటికి ఉత్తరం రాస్తే స్టాంపు అంటించక్కర్లేదు. కవరు కుడి మూల ‘ఫ్రీ’ అని చేత్తో రాస్తే చాలు. వాషింగ్టన్ నుంచి సెనేటర్ పంపే జవాబుకీ స్టాంపు ఉండదు. అదే మూల ఆయన సంతకం అచ్చయి ఉంటుంది. నడుమనున్న తల్లిదండ్రులే డబ్బు పెట్టి స్టాంపు కొనాలి. 1968 నుంచి 1971 మే దాకా అది 6 సెంట్లు. ఆ 6 సెంట్ల ఉత్తరం సెనేటర్ ఆఫీసుకు చేరాక ఏమయ్యేది, దానికీ చట్టానికీ సంబంధం ఏమిటి అన్నది చూడడానికి ఐడహో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ మంచి ఉదాహరణ.

చర్చ్ డెమొక్రాట్. బోయిసీలో పుట్టి, 1956లో 32 ఏళ్లకే సెనేట్‌కు గెలిచాడు. ఐడహో మాత్రం రిపబ్లికన్ల వైపు మొగ్గే రాష్ట్రం. గనులు, అడవులు, బంగాళాదుంప పొలాలు. 1970 జనాభా లెక్కల్లో మొత్తం జనం 7,12,567. అలాంటి చోట యుద్ధాన్ని వ్యతిరేకించడం కొరివితో తల గోక్కోవడమే.

మొదట్లో ఆయనా వ్యతిరేకించలేదు. 1964 ఆగస్టు 7న, వియత్నాంలో సైనిక బలం వాడే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చిన టోంకిన్ తీర్మానం సెనేట్‌లో 88–2తో నెగ్గినప్పుడు ఆ 88లో చర్చ్ ఓటూ ఉంది. కాదన్నది ఒరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్ మాత్రమే. 1968 తర్వాత ఆ ఇద్దరూ సెనేట్‌లో లేరు. తీర్మానం తర్వాత ఆరు నెలలు తిరిగేసరికి, 1965 ఫిబ్రవరిలో, చర్చ్ సభలో లేచి సంప్రదింపులే దారి అన్నాడు. అది అధ్యక్షుడు జాన్సన్‌కు నచ్చలేదు. ఈసారి ఐడహోకు ఆనకట్ట కావలసి వస్తే వెళ్లి, యుద్ధాన్ని విమర్శించే కాలమిస్టు వాల్టర్ లిప్‌మన్‌నే అడుక్కో అని జాన్సన్ అన్నట్టు ఒక కథ ఊరంతా తిరిగింది. నిజంగా అన్నాడో లేదో గానీ, ఆనకట్టలూ రోడ్లూ కావలసిన చిన్న రాష్ట్రపు సెనేటర్‌ను ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో ఆ కథ కట్టినవాళ్లకు బాగా తెలుసు.

ఇక తపాలా. ఆ రోజుల్లో సెనేట్ ఆఫీసుల్లో పొద్దున సంచి విప్పగానే ఉత్తరం మీద తేదీ ముద్ర వేసి, కవరును దానికే పిన్ను చేస్తారు. చాలామంది చిరునామా కవరు మీదే రాస్తారు, లోపల ఉండదు. కవరు చెత్తబుట్టలో పడిందా, జవాబు పంపే దారి లేదు. తర్వాత సొంత రాష్ట్రానిదా, బయటిదా అని వేరు చేస్తారు. బయటి రాష్ట్రానిదైతే అక్కడి సెనేటర్‌కు పంపేయడం మర్యాద. కానీ యుద్ధంపై పేరు పడ్డ సెనేటర్‌కు దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలొస్తాయి, వాటికీ మనుషులు కావాలి. మిగిలిన వాటిని అభిప్రాయం చెప్పేవి, సాయం అడిగేవి అని రెండు దొంతర్లు చేస్తారు. ఈ రెండూ ఒకే సంచిలో వచ్చినా వాటి పని వేరు, విలువ వేరు.

అభిప్రాయపు ఉత్తరాలకు ‘అనుకూలం’, ‘వ్యతిరేకం’ అని గీతలు గీసి లెక్క కడతారు. ఒకే మాటలు అచ్చేసిన పోస్టుకార్డులను విడిగా లెక్కించాలి, లేదంటే ఒక సంఘం పట్టుదల రాష్ట్రం మొత్తం మాటగా కనిపిస్తుంది. ‘గెలవండి, లేదా బయటికి రండి’ అని రాసినవాణ్ణి ఏ గడిలో వేయాలి? వియత్నాం కాలంలో అలా అనుకున్నవాళ్లు తక్కువేం కాదు, రెండు గడుల లెక్కలో వాళ్లకు చోటే లేదు. జవాబులకు రోబోటైప్ అనే యంత్రం ఉండేది. చిల్లులు పొడిచిన కాగితపు చుట్టను బట్టి అదే టైపు చేసుకుపోతుంది. పేరు రావలసిన చోట ఆగితే టైపిస్టు ఆ ముక్క కొట్టి మళ్లీ కదిలిస్తుంది. సంతకం ఆటోపెన్ అనే సంతకాల యంత్రానిది. చిక్కు ఎక్కడంటే, సభలో సెనేటర్ వైఖరి మారినా ఆఫీసులో చుట్ట మారదు. పాత పేరా మరో వారం రోజులు అలాగే పోతూనే ఉంటుంది.

ఆ లెక్కను ఎంత నమ్మాలి అన్నదానికి 1969 నవంబరు 3 చాలు. ఆ రాత్రి అధ్యక్షుడు నిక్సన్, యుద్ధంలో తనకు మద్దతివ్వమని ‘మౌన మెజారిటీ’ని కోరుతూ ప్రసంగం చేశాడు. మర్నాటికి మద్దతుగా 50,000 టెలిగ్రాములు, 30,000 ఉత్తరాలు వచ్చాయని శ్వేతసౌధం చూపించుకుంది. అందులో కొంత ముందే ఏర్పాటు చేసినదేనని, ఆ రోజుల్లో అక్కడే పనిచేసిన అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. ఉత్తరాల దొంతర ఎత్తును బట్టి దేశం మనసు చెప్పలేం. పూనుకుని రాసేవాడి మనసు మాత్రం చెప్పగలం, అదీ అతను తనంతట తానే రాస్తే.

రెండో దొంతర అలా కాదు. అందులో ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క మనిషి: ఆరు వారాలుగా కబురు లేని కొడుకు, తండ్రి చావుబతుకుల్లో ఉంటే సెలవు దొరకని సైనికుడు, చదువు మినహాయింపు పోయి 1–ఎ (సైన్యానికి పిలవదగ్గ) తరగతిలో పడ్డ కుర్రాడు. దీన్ని కేస్‌వర్క్ అంటారు. ముందు కావలసింది పూర్తి పేరు, హోదా, యూనిట్, సైనిక తపాలా చిరునామా, సర్వీసు నంబరు. 1969 జూలై 1 నుంచి ఆర్మీ, వైమానిక దళం సర్వీసు నంబరు తీసేసి సోషల్ సెక్యూరిటీ నంబరు వాడాయి. తల్లి దగ్గర పాత నంబరే ఉంటే మళ్లీ ఉత్తరం రాసి అడగాలి. నంబరు లేకుండా పేరు ఒక్కటే పంపితే అదే పేరున్న ఇంకొకడి ఫైలు కదిలే ప్రమాదం. వివరాలన్నీ చేరాక చిన్న చీటీ జతచేసి పెంటగాన్‌లో కాంగ్రెస్ వ్యవహారాలు చూసే విభాగానికి పంపుతారు. అక్కడి నుంచి అది యూనిట్ దాకా దిగి, మళ్లీ మెట్టు మెట్టూ ఎక్కి రావాలి. సైనికుడు తనే నేరుగా సెనేటర్‌కు రాసుకునే హక్కు 1951 నుంచీ చట్టంలో ఉంది. ఇంట్లోవాళ్లు కొడుక్కు చెప్పకుండా రాస్తే మాత్రం, పైనుంచి విచారణ రావడంతో కమాండర్ ముందు ఇబ్బంది పడేది ఆ కొడుకే. (అమెరికాలో గ్రీన్‌కార్డు ఫైలు ఆగిపోయి కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు మెట్లెక్కిన తెలుగు కుటుంబాలకు ఈ దారి కొత్తేమీ కాదు. ఇప్పుడు అదనంగా సమ్మతి పత్రం మీద సంతకం చేయాలి.)

డ్రాఫ్టు, అంటే నిర్బంధ సైనిక సేవ విషయంలో సెనేటర్ చేతులు కట్టేసినట్టే. నిర్ణయం స్థానిక బోర్డుది, అప్పీలు రాష్ట్ర బోర్డుకు. సెనేటర్ ఫైలు సంగతి అడగగలడు, గడువు దాటకుండా అప్పీలు చేసుకోమని కుర్రాడికి చెప్పగలడు, అంతే. కుటుంబాలు ఎక్కువగా నష్టపోయింది ఇక్కడే. సెనేటర్ గారికి రాశాం కదా అని జవాబు కోసం కూర్చుంటే అప్పీలు గడువు కాస్తా దాటిపోతుంది. అన్నిటికంటే తేలిగ్గా తప్పిపోయేది రెండూ కలిసిన ఉత్తరం. మొదటి పేజీ నిండా యుద్ధంపై కోపం, రెండో పేజీ అడుగున కొడుకు సంగతి. తొందరలో ‘వ్యతిరేకం’ గడిలో గీత పడుతుంది, రోబోటైప్ జవాబు వెళ్లిపోతుంది.

ఇంటి మీదికి వచ్చిన కోపానికి వస్తే, 1967లో ఉత్తర ఐడహోలో కొందరు చర్చ్‌ను వెనక్కి పిలిపించాలని (రీకాల్), అంటే పదవీకాలం ముగియకముందే దింపాలని సంతకాలు మొదలెట్టారు. రాష్ట్ర రీకాల్ చట్టం అమెరికా సెనేటర్‌కు వర్తించదని ఫెడరల్ కోర్టు తేల్చింది. మరుసటి ఏడు ఆయన దాదాపు 60 శాతం ఓట్లతో గెలిచాడు. యుద్ధాన్ని తిట్టినా, తుపాకుల నియంత్రణను వ్యతిరేకించడంలో ఐడహోతోనే నిలబడ్డాడు. మా వాడే అనిపించుకున్నాకే మనకు నచ్చని మాట కూడా చెప్పనిస్తారు.

సభలో ఆయన ఎంచుకున్న దారి కూడా అలాంటిదే. యుద్ధం మంచిదా చెడ్డదా అన్న ఓటు పెట్టకుండా, డబ్బు సంచి మూతి పట్టుకున్నాడు. కెంటకీ రిపబ్లికన్ జాన్ షెర్మన్ కూపర్‌తో కలిసి 1969 డిసెంబరులో రక్షణ నిధుల బిల్లుకు సవరణ తెచ్చాడు: లావోస్, థాయ్‌లాండ్‌లకు అమెరికా పదాతి దళాలను పంపడానికి ఈ డబ్బు వాడకూడదు. అది చట్టమైంది. కానీ అందులో కంబోడియా పేరు లేదు. 1970 ఏప్రిల్ 30న నిక్సన్ సేనలను పంపింది సరిగ్గా కంబోడియాకే. దానిపై నిరసనలు చెలరేగాయి. మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. కాంగ్రెస్ తపాలా గదులు ఉత్తరాలు, టెలిగ్రాములతో నిండిపోయాయి.

కంబోడియాలో సేనలకు నిధులు ఆపే కూపర్–చర్చ్ రెండో సవరణను విదేశాలకు సైనిక అమ్మకాల బిల్లుకు తగిలించారు. ఏడు వారాల చర్చ తర్వాత జూన్ 30న సెనేట్‌లో 58–37తో నెగ్గింది. అప్పటికే సేనలు కంబోడియా నుంచి తిరిగొచ్చాయి. ప్రతినిధుల సభ 237–153తో తోసిపుచ్చడంతో బిల్లు అక్కడే ఇరుక్కుంది. మాటలు సడలించి, ఈసారి కంబోడియాకే సాయం ఇచ్చే బిల్లులో పెట్టారు. సాయం కావాలంటే షరతూ మింగాలి. 1971 జనవరి 5న అది చట్టమైంది. నిషేధం పదాతి దళాలకూ సలహాదారులకూ మాత్రమే. విమానాల మాట లేదు.

ఆ ఒక్క మాట ఉండడం, లేకపోవడం ఎంత పని చేసిందో వెంటనే తెలిసింది. 1971 ఫిబ్రవరిలో దక్షిణ వియత్నాం సైన్యం లావోస్‌లోకి వెళ్లినప్పుడు అమెరికా పదాతి దళాలు, సలహాదారులు సరిహద్దు దగ్గరే ఆగిపోయారు; హెలికాప్టర్లు, బాంబర్లు దాటాయి. కంబోడియా మీద బాంబులు 1973 ఆగస్టు 15 దాకా పడుతూనే ఉన్నాయి. ఆ రోజు ఆగింది కూడా నిధుల కోతతోనే. న్యూజెర్సీ సెనేటర్ క్లిఫర్డ్ కేస్‌తో కలిసి చర్చ్ ఆ ఏడాది తెచ్చిన సవరణ ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) అంతటికీ అదే గీత గీసింది. ఈసారి ‘ఆకాశంలో గానీ’ అన్న మాట మరచిపోలేదు.

1975లో చర్చ్ నిఘా సంస్థలపై సెనేట్ విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1953 నుంచి 1973 దాకా సీఐఏ న్యూయార్క్‌లో 2 లక్షలకు పైగా ఉత్తరాలు దొంగచాటుగా విప్పి ఫొటోలు తీసుకుందని బయటపడింది. ఆ ఫైళ్లలో సోవియట్ యూనియన్ నుంచి చర్చ్ స్వయంగా తన అత్తగారికి రాసిన ఉత్తరమూ ఉంది.