జార్జియన్ టౌన్‌హౌస్: ముఖం ఒకటి, ఒళ్లు ఒకటి (అపోహలు - వాస్తవాలు)

లండన్ బ్లూమ్స్‌బరీలోనో, బాత్ నగరంలోనో పక్కపక్కనే ఆనుకుని ఒకే వరసలో నిలబడ్డ పాత ఇళ్లు చూసే ఉంటారు. రోడ్డు మట్టానికి దిగువన వంటిల్లు, పైకి వెళ్లేకొద్దీ చిన్నవయ్యే కిటికీలు, పిట్టగోడ వెనక దాక్కున్న కప్పు. 1714 - 1830 మధ్య, జార్జి రాజుల కాలంలో కట్టినవి. ఇప్పుడు వాటిలో చాలా మటుకు ఆఫీసులూ ఫ్లాట్లూ. అద్దెకుండే మనవాళ్లూ, కొనాలని చూసేవాళ్లూ తరచూ పొరబడే సంగతులివి.

అపోహ: రెండు వందల ఏళ్లు నిలిచాయంటే కట్టుబడి ఉక్కు లాంటిదే.

చాలా ఇళ్లు అమ్మకానికి హడావిడిగా లేపినవి. స్థల యజమాని భూమిని తరచూ 99 ఏళ్ల లీజుకిచ్చేవాడు. అద్దె పూర్తిగా మొదలయ్యేలోపే గోడలూ కప్పూ లేపి అమ్మేయాలని మేస్త్రీ ఆత్రం. అందుకే డబ్బు కంటికి కనపడే చోటే పెట్టాడు. వీధి వైపు ఖరీదైన నున్నటి ఇటుక, దాని వెనక చవక ఇటుక. రెండింటి ఎత్తూ ఒకటి కాదు కనుక వరుసలు కలవవు. అడ్డంగా లోపలికి వెళ్లి రెండు పొరల్నీ పట్టి ఉంచాల్సిన ఇటుకను సగానికి విరిచి ముఖం మాత్రం అతికించారు. బయటి నుంచి చూస్తే చక్కటి ఫ్లెమిష్ బాండ్ (ప్రతి వరుసలో ఒక ఇటుక పొడుగ్గా, ఒకటి అడ్డంగా పేర్చే అల్లిక). నిజానికి నాలుగున్నర అంగుళాల పొర దాదాపు విడిగా నిలబడి ఉంటుంది. గోడలో పొదిగిన కర్ర దుంగలు తడికి కుళ్లితే ఆ పొర కడుపులా ఉబ్బుతుంది. పై కిటికీ నుంచి తూకం గుండు వేలాడదీసి చూడండి. లోపల నేల చెక్కకీ గోడకీ మధ్య సందు పెరుగుతోందేమో గమనించండి. ఉబ్బిన గోడను వెనక్కి లాగడం కాదు, స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలతో రెండు పొరల్నీ కుట్టడమే సాధారణంగా చేసే పని.

బాత్‌లోని రాయల్ క్రెసెంట్ (1767 - 75) దగ్గర ఇదే సంగతి రాతిలో కనిపిస్తుంది. జాన్ వుడ్ జూనియర్ గీసిన ముఖం ముప్పై ఇళ్లకీ ఒక్కటే. వెనక్కి వెళ్లి చూస్తే ఎవరి గోడ వారిది, ఎవరి ఎత్తు వారిది.

అపోహ: నడుమ ఉన్నది పల్చటి చెక్క గోడే కదా, తీసేస్తే హాలు పెద్దదవుతుంది.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. ముందు గదికీ వెనక గదికీ మధ్య గోడను తడితే డొల్లగా మోగుతుంది. లోపల మాత్రం నిలువు కర్రలూ ఏటవాలు కర్రలూ బిగించిన చట్రం ఉంటుంది. చాలా ఇళ్లలో పై అంతస్తు దూలాల బరువు దాని మీదే. తలుపు కోసం ఒక్క ఏటవాలు కర్ర కోస్తే ఇల్లు ఆ రోజే కూలదు. అందుకే ఏమీ కాలేదనుకుంటారు. తర్వాత పై గది తలుపు ఒక మూల పట్టేస్తుంది, కప్పు అంచున పగులు గీత లేస్తుంది. ముందుగా పై గదిలో ఒక నేల చెక్క లేపి దూలాలు ఎటు నడుస్తున్నాయో చూడాలి. ఇంజనీరు లెక్క వచ్చాకే రంపం.

బాత్రూం పైపులదీ ఇదే కథ. 200 మి.మీ. ఎత్తు, 4 మీటర్ల పొడవు ఉన్న దూలంలో పై గాడి 25 మి.మీ. లోతు మించకూడదు, అదీ గోడ నుంచి 28 సెం.మీ. - 1 మీటరు మధ్యనే. బెజ్జమైతే దూలం ఎత్తుకు సరిగ్గా నడుమ, 50 మి.మీ. లోపు, గోడ నుంచి 1 - 1.6 మీటర్ల మధ్య. ఇది గట్టి కలప లెక్క. పురుగు తిన్నదానికి వర్తించదు. వీలైతే పైపును దూలాల వెంటే నడిపించండి, అడ్డంగా వద్దు.

అపోహ: మూసేసిన కిటికీలన్నీ కిటికీ పన్ను ఎగ్గొట్టడానికే.

1696 నుంచి 1851 దాకా ఆ పన్ను ఉన్నమాట నిజం, కొందరు మూసిన మాటా నిజం. కానీ చాలావాటిని మొదటి నుంచీ గుడ్డి కిటికీలుగానే కట్టారు. వెనక పొగగొట్టం ఉంటుంది, ముఖానికి మాత్రం సమరూపం కావాలి మరి. గూడులోని ఇటుక వరుసలు పక్క గోడ వరుసలతో అల్లుకుని ఉంటే అది పుట్టు గుడ్డి. అంచుల్లో నిట్టనిలువు గీత ఉంటే తర్వాత పూడ్చినది కావచ్చు.

అపోహ: గోడ చెమ్మకి సిమెంటు పూతే మందు.

ఇవి బోలు లేని ముద్ద గోడలు. పీల్చిన తడిని సున్నపు అతుకుల గుండా వదిలేస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇటుకలోంచే బయటికి రావాలి. చలికి గడ్డకట్టి ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. మన డంగు సున్నం గోడల మీద సిమెంటు పూసినా దెబ్బ అలాంటిదే, చలి ఒక్కటే తేడా. ముందు పిట్టగోడ వెనక ఉన్న సీసపు రేకు కాలువలో ఆకులు తీయండి, పైపు అతుకులు చూడండి, బయటి నేల లోపలి నేల కన్నా కనీసం 150 మి.మీ. దిగువన ఉందో లేదో కొలవండి. గోడ జోలికి వెళ్లేది ఆ తర్వాతే. పాయింటింగ్ (ఇటుకల మధ్య అతుకులు మళ్లీ నింపడం) చేయాల్సి వస్తే అతుకు వెడల్పుకు రెట్టింపు లోతు గీకి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో నింపి, తడి గోనెపట్టా కప్పాలి. గ్రైండర్ తాకించొద్దు. మంచు కురిసే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

అపోహ: ఒక్క కుటుంబం కోసం కట్టిన ఇళ్లు, ఇప్పుడే పాడుచేస్తున్నారు.

మొదటి నుంచీ గదులు అద్దెకిచ్చినవే ఎన్నో. లండన్‌లోని 36 క్రేవెన్ స్ట్రీట్‌లో అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1757 - 1775 మధ్య చాలా ఏళ్లు అద్దెకే ఉన్నాడు. అదే ఇంట్లో విలియం హ్యూసన్ అనే వైద్యుడు శరీర నిర్మాణ పాఠశాల నడిపాడు; 1998లో నేలమాళిగలో మనుషుల ఎముకలు బయటపడ్డాయి. లండన్‌లోనే స్పిటల్‌ఫీల్డ్స్‌లో 19 ప్రిన్స్‌లెట్ స్ట్రీట్ 1719 నాటిది. పట్టు వ్యాపారం చేసిన హ్యూగెనాట్ల (ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన ప్రొటెస్టెంట్ల) ఇల్లు. 1869లో దాని పెరట్లో యూదుల ప్రార్థనా మందిరం వెలిసింది. మార్పు ఎప్పుడు జరిగిందో గదే చెప్తుంది: కప్పు అంచున పూలతీగ సున్నపుపని అడ్డగోడలోకి దూరి మాయమైతే, ఆ గోడ తర్వాత వచ్చింది.

అపోహ: ముఖం ముట్టకపోతే లోపల మన ఇష్టం.

లిస్టెడ్ భవనమైతే (ప్రభుత్వం రక్షిత జాబితాలో చేర్చినదైతే) లోపలి మెట్లూ తలుపులూ పొయ్యి చట్రాలూ అన్నీ రక్షణలోనే. అనుమతి లేకుండా వాటి రూపం మార్చడం నేరం. పాత యజమాని చేసిన తప్పును సరిచేయమని నోటీసు కొత్త యజమానికే రావచ్చు. కొనేముందు గత మార్పుల అనుమతి కాగితాలు అడగండి.

అపోహ: పైకీ కిందికీ జరిగే పాత కిటికీ పట్టేసిందంటే మార్చేయాల్సిందే.

ఎక్కువసార్లు దోషం పెయింటు పొరలది, లేదా తెగిన తాడుది. చట్రం పక్క పెట్టెలో ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. పై తలుపు గుండ్లు రెండూ కలిసి తలుపు కన్నా కాస్త బరువుండాలి, కింది తలుపువి కాస్త తేలిక. డబుల్ గాజు వేసి గుండ్లు మార్చకపోతే పై తలుపు మెల్లగా జారుతూనే ఉంటుంది; అప్పుడు ఇనుము తీసి సీసం గుండ్లు వేయాలి.