జైల్లో కుర్రాడి ప్రాణానికి పూచీ ఎవరిది?

ఇరవై ఏళ్లు నిండని రిమాండు ఖైదీ జైల్లో చనిపోయాడనగానే రెండు మాటలు వినిపిస్తాయి. ఒంట్లో బాగోలేదు, ఆస్పత్రికి తీసుకెళ్లాం అని అధికారులంటారు. లోపలికి పంపిన రోజు బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లోవాళ్లు. చెన్నైలో అలాంటి ఒక కుర్రాడి మరణంతో ఈ వాదన మళ్లీ రాజుకుంది.

నేరం చేసిన కుర్రాళ్లను మామూలు జైలుకు బదులు ఉంచి దిద్దే బోర్‌స్టల్ బడుల చరిత్ర చాలామంది రాశారు, దాన్ని వదిలేస్తాను. అదుపులో ఉన్నవాడి ప్రాణానికి పూచీ ఎవరిదన్న విషయంలో నా లెక్కలో అసలు మలుపు ఒక తల్లి రాసిన ఉత్తరం.

1987 డిసెంబర్ 1న ఒడిశాలో 22 ఏళ్ల యువకుణ్ణి పోలీసులు పట్టుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. కట్టేసిన తాడును పళ్లతో కొరుక్కుని పారిపోయాడు, రైలు కింద పడ్డాడు అన్నారు పోలీసులు. తల్లి 1988లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని జిల్లా జడ్జితో విచారణ చేయించింది. అవి రైలు దెబ్బలు కావని, లాఠీ లాంటి వాటితో కొట్టిన దెబ్బలని తేలింది. నీలాబతి బెహెరా కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో 1993 మార్చిలో తీర్పు వచ్చింది. 1,50,000 రూపాయల పరిహారం ఇమ్మన్న ఆ తీర్పే ఇంకో మాట కూడా తేల్చేసింది: అదుపులో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత ప్రభుత్వానికి కచ్చితంగా ఉంటుంది, దానికి మినహాయింపుల్లేవు.

అంటే ఎలా పోయాడో చెప్పాల్సింది తాళం చెవి చేతిలో ఉన్నవాళ్లు. 2017లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. 2012-2015 మధ్య జైళ్లలో అసహజంగా చనిపోయినవాళ్ల కుటుంబాలను గుర్తించి పరిహారం ఇప్పించే పని హైకోర్టులకు అప్పగించింది.

జైళ్లు కిక్కిరిసి ఉన్నాయి, స్టాఫ్ చాలరు అంటారు అధికారులు. ఆ ఇబ్బంది నిజమే. కానీ 21 ఏళ్లలోపు మగ ఖైదీలను మిగతావాళ్ల నుంచి పూర్తిగా వేరుగా ఉంచే ఏర్పాటు ఉండాలని 1894 నాటి జైళ్ల చట్టమే చెప్పింది. లోపలికి వచ్చిన ప్రతి ఖైదీ ఆరోగ్యం, ఒంటి మీది గాయాలు, మచ్చలు పుస్తకంలో రాయాలనీ చెప్పింది. 2000 నాటి జువెనైల్ చట్టం అబ్బాయిలను పిల్లలుగా లెక్కించే వయసును 16 నుంచి 18కి పెంచడం మంచి పనే. అయితే ఆ తర్వాత మన పట్టింపంతా 18 దగ్గరే ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లవాడు ఎవరికీ పిల్లాడిలా కనిపించడు.

18 లోపు వాళ్లకైనా భద్రత ఉందా అంటే, 2022 డిసెంబర్ చివర్లో నేరారోపణ ఉన్న పిల్లలను ఉంచే చెంగల్పట్టు ప్రభుత్వ పరిశీలన గృహంలో 17 ఏళ్ల అబ్బాయి చనిపోయాడు. ఆరుగురు సిబ్బందిని అరెస్టు చేశారు. ఆ తర్వాతే ఇలాంటి గృహాలను ఎలా బాగుచేయాలో చెప్పమని రిటైర్డ్ జడ్జి చంద్రుతో కమిటీ వేశారు.

మొన్న ఒక జైలు గేటు ముందు ములాఖత్ కోసం కూర్చున్న చెన్నై కొరుక్కుపేట అమ్మతో మాట్లాడాను. ఇక్కడివాళ్లు ములాఖత్‌ను 'మను' అంటారు. కొడుక్కి పంతొమ్మిదేళ్లు, ఫిట్స్ ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్స్, సగం వాడిన మాత్రల అట్ట, నాలుగు మడతలు పెట్టిన డాక్టర్ చీటీ.

"రాత్రి మాత్ర గుర్తుచేస్తేగానీ వేసుకోడు సారూ. లోపల వాడికి ఎవరు గుర్తుచేస్తారు?" అని అడిగింది.