బల్బులు చెప్పే సాక్ష్యం

ఒడిశాలోని బరంపురంలో బూఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది. ఎండలు ముదిరే రోజుల్లో ఊరు రాత్రిళ్ళు నిద్రపోదు. అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. వాటిలో పులివేషం దగ్గర జనం ఎప్పుడూ ఎక్కువే. ఒంటినిండా చారలు దిద్దుకుని, డప్పుల మోతకు ఎగిరి దూకుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలవు. పోయిన యాత్రలో మా మేనకోడలు కొత్త కెమెరా పట్టుకుని రెండు రాత్రులు ఆ పులుల వెంట తిరిగింది. మూడోరోజు పొద్దున్నే ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"ఒక్కటీ సరిగ్గా రాలేదు మామయ్యా. అన్నీ మసకే. లెన్స్ మార్చాలేమో."

ఫోటోలన్నీ చూశాను. లెన్స్‌లో ఏ లోపమూ లేదు. అన్నీ మసకే అన్నది నిజమే కానీ అన్నీ ఒకే మసక కాదు. ఏది ఏ మసకో తెలియాలంటే పులిని కాదు, పులి వెనకాల పందిరికి కట్టిన చిన్న బల్బులను చూడాలి. అవి కదలవు, పారిపోవు. జరిగింది జరిగినట్టు సాక్ష్యం చెబుతాయి.

మొదటి ఫోటోలో బల్బులు చుక్కల్లా స్పష్టంగా ఉన్నాయి, పులి కాళ్ళు మాత్రం గీతల్లా సాగిపోయాయి. అంటే చెయ్యి కదలలేదు, పులి కదిలింది. రెండో దాంట్లో ప్రతి బల్బూ చిన్న పురుగులా వంకర తిరిగి ఉంది. అన్ని పురుగులదీ ఒకే వంకర. అక్కడ కదిలింది చెయ్యి. మూడో దాంట్లో బల్బులు రూపాయి బిళ్ళల్లా గుండ్రంగా ఉబ్బాయి, పులి ముక్కు స్పష్టంగా ఉంది, చెవులు మెత్తబడ్డాయి. అక్కడ ఎవరూ కదలలేదు. ఆ మసక లెన్స్ రంధ్రానిది.

మొదటి రెండూ వెలుగును లోపలికి వదిలే తలుపు, అంటే షటర్, ఎంతసేపు తెరిచి ఉంటుందో చెప్పే షటర్ స్పీడ్‌కు సంబంధించినవి, మూడోది లెన్స్ రంధ్రానికి, అంటే అపర్చర్‌కు. చాలామంది ఈ రెంటినీ కలిపి చూసి, కనబడిన అంకెనల్లా మారుస్తూ పోతారు. అందుకే అవస్థ.

ముందు ఆ గుండ్రటి బిళ్ళల సంగతి. ఒక బల్బు నుంచి వెలుగు లెన్స్ రంధ్రం మొత్తం మీద పడుతుంది. లెన్స్ ఆ వెలుగునంతా వంచి ఒక్క బిందువు దగ్గరికి చేరుస్తుంది. ఆ బిందువు దాటాక వెలుగు మళ్ళీ విచ్చుకుంటుంది. దీని ఆకారం అడ్డంగా పడుకోబెట్టిన ఢమరుకంలా ఉంటుంది. లెన్స్ వెనక బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, సరిగ్గా ఢమరుకం నడుము దగ్గర ఉంటే బల్బు చుక్కలా పడుతుంది. మనం పులి మీద ఫోకస్ చేస్తే పులి వెలుగుకే ఆ నడుము సెన్సర్ మీద కుదురుతుంది. వెనకున్న బల్బుల నడుము సెన్సర్‌కు కాస్త ముందే పడి, సెన్సర్ చేరేసరికి వెలుగు విచ్చుకుని బిళ్ళ అవుతుంది. రంధ్రం పెద్దదైతే ఢమరుకం లావు, నడుము నుంచి కాస్త జరిగితే చాలు బిళ్ళ పెద్దదైపోతుంది. రంధ్రం చిన్నదైతే ఢమరుకం సన్నం, చాలా దూరం జరిగినా బిళ్ళ చుక్కలాగే కనిపిస్తుంది. ఆ బిళ్ళ ఎంతవరకు మన కంటికి చుక్కగా చెల్లుతుందో అంతవరకు ఉన్న లోతే డెప్త్ ఆఫ్ ఫీల్డ్. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ మీద ఆ హద్దును సుమారు 0.02 మిల్లీమీటర్లుగా లెక్కిస్తారు.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. అపర్చర్‌ను కొంచెం మూస్తే ఆ బిళ్ళలకు మూలలు తేలతాయి. లెన్స్ లోపల రంధ్రాన్ని మూసే రెక్కలు ఏడుంటే ఏడు మూలలు! మనం చూస్తున్నది బల్బు ఆకారం కాదు, మన లెన్స్ రంధ్రం ఆకారం. పందిరి మీద వందసార్లు అచ్చుపడింది.

అపర్చర్ అంకెలు తిరకాసుగా ఉంటాయని పిల్ల ఫిర్యాదు. ఎఫ్/2 అంటే పెద్ద రంధ్రం, ఎఫ్/8 అంటే చిన్నది. ఎందుకంటే అది భాగహారం. 50 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి దూరపు వస్తువు బొమ్మ కుదిరే చోటికి ఉన్న దూరం) ఉన్న లెన్స్‌కు ఎఫ్/2 అంటే 50ని 2తో భాగించాలి, రంధ్రం అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు. ఎఫ్/8 అయితే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. 2, 2.8, 4, 5.6, 8 అనే వరసలో ఒక్కో అడుగుకు వెలుగు సగం తగ్గుతుంది. అంకె రెట్టింపు కావడానికి రెండు అడుగులు పడుతుంది, ఎందుకంటే వెలుగు అడ్డుకొలతను బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి వస్తుంది. అంగుళం గొట్టం కంటే రెండంగుళాల గొట్టం నోరు నాలుగింతలు కదా, అదే లెక్క.

అదే 50 లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో ఉన్న పులి ముఖాన్ని ఎఫ్/1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లు. ముక్కు కొస మీద ఫోకస్ పడితే చెవులు మెత్తబడక ఏం చేస్తాయి? ఎఫ్/8లో ఆ లోతు అరమీటరు దాటుతుంది. ఫోన్‌లో ఈ బాధ పెద్దగా లేదు. దాని లెన్స్ ఫోకల్ లెంగ్త్ కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి రంధ్రమూ చిన్నదే, ముందూ వెనకా అంతా స్పష్టంగా వస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో కనిపించే మసక చాలావరకు లెక్కకట్టి పూసినది. అందుకే వెంట్రుకల అంచుల దగ్గర తడబడుతుంది.

"అయితే ఎఫ్/8 పెట్టేస్తే సరి" అంది పిల్ల. రాత్రిపూట అంత వెలుగు ఎక్కడిది? ఎఫ్/1.8 నుంచి ఎఫ్/4కు వెళ్తేనే వెలుగు ఐదో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడాలంటే 1/250 సెకను తెరిచే షటర్‌ను 1/50 సెకను తెరవాలి. ఈలోగా పులి ఊరుకోదు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో ఊగే కాలు 1/50 సెకనులో ఆరు సెంటీమీటర్లు సాగుతుంది, 1/250లో పన్నెండు మిల్లీమీటర్లు. నాలుగు మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ పన్నెండు కూడా సెన్సర్ మీద 0.15 మిల్లీమీటర్ల గీతే, ఇందాకటి హద్దుకు ఏడింతలకు పైగా.

ఇక్కడ కెమెరా కంటే భూమ్యాకర్షణ ఎక్కువ సాయం చేస్తుంది. దూకిన మనిషి పైకి వెళ్ళేకొద్దీ నెమ్మదిస్తాడు, కొసన ఒక్క క్షణం ఆగి కిందికి దిగుతాడు. గాలిలో గడిపే సమయంలో సగం, ఎగిరిన ఎత్తులో పై నాలుగో వంతులోనే గడిచిపోతుంది. ఆ కొస క్షణంలో 1/60 సెకను సేపు షటర్ తెరిచినా ఒళ్ళు పైకీ కిందికీ కదిలేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. చేతులు, కాళ్ళు విడిగా ఆడిస్తే అవి వేరు. అందుకే డప్పు దెబ్బను వినమన్నాను. నాలుగు దెబ్బలు వింటే ఐదో దెబ్బకు దూకు ఎప్పుడో తెలిసిపోతుంది. ఆ కొస మీద నొక్కితే చవక లెన్స్ కూడా పులిని గాలిలో నిలబెడుతుంది.

ఐఎస్ఓను, అంటే పడిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెను, 3200 వరకు పెంచడానికి వెనకాడవద్దని కూడా చెప్పాను. వెలుగు తక్కువైనప్పుడు ఇసుక చల్లినట్టు రేణువులు కనబడతాయి, నిజమే. కానీ రేణువుల వెనక పులి ఉంటుంది, సాగిపోయిన గీతల వెనక ఏమీ ఉండదు. ఇంకో జాగ్రత్త: మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కొన్ని ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. అలాంటి దీపాల కింద షటర్ మరీ వేగంగా ఉంటే ఫోటోలో అడ్డచారలు పడతాయి. అప్పుడు 1/100కు దిగిరావడం మేలు.

యాత్ర అయ్యాక పర్లాకిమిడి చుట్టాలింటికి వెళ్ళినప్పుడు మా మేనకోడలు వాళ్ళు మహేంద్రగిరి ఎక్కారు. 1501 మీటర్ల కొండ. దగ్గరి గడ్డిపూల నుంచి దూరపు గట్ల వరకు అన్నీ రావాలని పిల్ల ఎఫ్/22 పెట్టింది, మొత్తం కాస్త నీరసంగా వచ్చింది. రంధ్రం మరీ ఇరుకైతే దాని గుండా వెళ్ళే వెలుగు అంచుల దగ్గర అలలా విచ్చుకుంటుంది. దాన్నే వివర్తనం అంటారు. ఎఫ్/22లో ప్రతి చుక్కా సుమారు 0.03 మిల్లీమీటర్ల బిళ్ళ అవుతుంది, లెన్స్ ఎంత గొప్పదైనా సరే. ఎఫ్/8లో అది 0.01 మాత్రమే. 18 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎఫ్/8లో రెండు మీటర్ల దూరం మీద ఫోకస్ పెడితే చాలు, సుమారు మీటరు దూరంలోని పువ్వు నుంచి దిగంతం దాకా అన్నీ హద్దులోనే ఉంటాయి.

మొన్న రాత్రి ఏదో పెళ్ళి ఊరేగింపు ఫోటో పంపింది. బ్యాండువాళ్ళు, వెనక సీరియల్ లైట్లు, అంతా మసక. నేను బల్బులను పెద్దవి చేసి చూసేలోపే కింద ఇంకో మెసేజ్ వచ్చింది. "అన్ని పురుగులూ ఒకేవైపు వంగాయి మామయ్యా. చెయ్యి కదిలింది. రేపు గోడకు ఆనుకుని తీస్తా."