కొత్త కరికులమ్ అంటే మెడికల్ కాలేజీ టీచర్లకు గిట్టదా? అపోహలు - వాస్తవాలు

2019 ఆగస్టులో చేరిన ఎంబీబీఎస్ బ్యాచ్‌తో దేశమంతటా సీబీఎంఈ, అంటే సామర్థ్య ఆధారిత వైద్య విద్య, మొదలైంది. ఎంత చదివారన్నది కాదు, ఏం చేయగలుగుతున్నారన్నది చూడాలనే పద్ధతి ఇది. అంతకుముందు 1997 నాటి నిబంధనలతోనే నెట్టుకొచ్చాం. నేను ఫిజియాలజీ చెబుతాను, టీచర్లకు బోధనలో శిక్షణ ఇచ్చే మా కాలేజీ మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ పని కూడా చూస్తాను. అందుకే ఈ మార్పును తిట్టేవాళ్ల మాటలూ మెచ్చుకునేవాళ్ల మాటలూ నా చెవిన పడుతూనే ఉంటాయి. బయట మాత్రం ఒకటే మాట: "మీ సార్లు మారరండీ." ఆ మాటతోనే నాకు పేచీ.

అపోహ: సీనియర్ ప్రొఫెసర్లే మార్పుకు అడ్డం.

వయసుకీ దీనికీ సంబంధం ఉందని నేననుకోను. మంచం పక్కన నిలబెట్టి, రోగిని ఎలా పలకరించాలో చూపించి, వెంటనే విద్యార్థి చేత అదే చేయించే పెద్దలు మన జనరల్ ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లకు చిరాకు తెప్పించేది పద్ధతి కాదు, అలా చెప్పామని రుజువు చేసుకోవడానికి నింపాల్సిన కాగితాలు. ఇంకోవైపు, నిన్నగాక మొన్న పీజీ ముగించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎవరిదో పాత స్లైడ్ల ఫోల్డర్ తెచ్చుకుని గంటసేపు చదివేసి వెళ్లిపోతుంటాడు. తనకు ఎలా చెప్పారో అతనూ అలాగే చెబుతున్నాడు మరి.

అపోహ: మూడు రోజుల వర్క్‌షాప్ పెడితే వైఖరి మారిపోతుంది.

వర్క్‌షాప్ నుంచి అందరూ ఉత్సాహంగానే వస్తారు. ఆ ఉత్సాహం చల్లారేది సోమవారం టైమ్‌టేబుల్ దగ్గర.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మా సబ్జెక్టులో పీవై 5.12 అని ఒక సామర్థ్యం ఉంది: మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు, వ్యాయామం చేశాక, పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డప్పుడు నాడి, బీపీ చూడగలగాలి. పాత రోజుల్లో దీనికి సాక్ష్యం రికార్డు పుస్తకం. సీనియర్ రికార్డు చూసి ముత్యాల్లాంటి అక్షరాలతో దించేస్తే సంతకం పడేది. చెయ్యి ఎలా కదులుతుందో ఎవరూ చూసేవాళ్లు కాదు. పక్కన నిలబడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పిల్లలు మనిషికి ఒక మాటైనా చెప్పకుండా చొక్కా చెయ్యి పైకి లాగేస్తారు. మణికట్టు దగ్గర నాడి పట్టి చూడకుండా నేరుగా స్టెతస్కోపు పెట్టేస్తారు. గాలి గబగబా వదిలేసి 120/80 అని రాసేస్తారు. ఎవరి బీపీ అయినా 120/80యే!

దీన్ని సరిదిద్దాలంటే ఒక్కొక్కరి దగ్గర తక్కువలో తక్కువ ఐదు నిమిషాలు నిలబడాలి. బ్యాచ్‌లో 150 మంది. అంటే 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. నలుగురం పంచుకున్నా తలా మూడు గంటల పైమాటే. అదీ ఒక్కొక్కరికి ఒక్కసారి చూస్తేనే. సరిగ్గా చేయడం రానివాళ్లకు మళ్లీ చూపించి మళ్లీ చేయించాలి, అసలు ఈ పద్ధతి ప్రాణమే అది. మరి ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో! పైగా తెలంగాణలో 2022లో ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఐదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒకేసారి మొదలయ్యాయి. జిల్లాలకు కాలేజీలు రావడం మంచిదే, కానీ అనాటమీ, ఫిజియాలజీ టీచర్లు రాత్రికి రాత్రి పుట్టుకురారు కదా. ఈ లెక్క చూసి పెదవి విరిచిన టీచర్ని "నెగెటివ్ ఆటిట్యూడ్" అనడం నాకు న్యాయంగా తోచదు.

అపోహ: లాగ్‌బుక్ నిండితే పని వచ్చినట్టే.

విద్యార్థి ఏ పని చేశాడో, వచ్చిందో లేదో రాసి టీచరు సంతకం పెట్టే పుస్తకం లాగ్‌బుక్. ఇన్‌స్పెక్షన్ ముందురోజు ఏ డిపార్ట్‌మెంట్‌లోకైనా తొంగిచూడండి. బల్ల నిండా లాగ్‌బుక్‌లు, ఒక పెన్ను, ఆగకుండా సంతకాలు. రికార్డు పోయి లాగ్‌బుక్ వచ్చింది, జబ్బు మాత్రం అదే. అయినా లాగ్‌బుక్‌ను తీసేయమని నేనడగను. అందులో "మళ్లీ చేయాలి" అని రాసే గడి ఉంది. ఆ గడిలో ఒక్క టిక్కు కూడా లేని పుస్తకం కనబడితే నాకు అనుమానమే.

అపోహ: సీబీఎంఈలో లెక్చర్లు ఉండవు.

ఉంటాయి. 2019 నిబంధనల ప్రకారం మొత్తం బోధన సమయంలో మూడో వంతుకు మించకూడదు, అంతే. మంచి లెక్చర్ ఇచ్చేవాళ్లు భయపడాల్సిన పనేం లేదు.

అపోహ: ఏట్‌కామ్ అంటే నీతి పాఠాలు.

వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే తీరు, ఈ మూడూ కలిపి పెట్టిన మాడ్యూళ్లు ఇవి. స్టాఫ్ రూమ్‌లో వీటి మీద పడినన్ని జోకులు మరి దేనిమీదా పడలేదు. "మర్యాద ఇంట్లో నేర్పాలి, మేమెందుకు నేర్పాలి?" అనే వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ మర్యాదస్తుల ఇంటి పిల్లలకు కూడా చెడువార్త చెప్పడం దానంతటదే రాదు. మొదటి సంవత్సరం మాడ్యూల్ ఒకటి శవాన్ని తొలి గురువుగా చూడమంటుంది. దాన్ని మనసు పెట్టి నడిపే అనాటమీ టీచర్లున్న చోట డిసెక్షన్ హాల్లో వెకిలి నవ్వులు వినబడవు. జోకులేసిన వాళ్లలో కొందరు ఇప్పుడు ఆ సెషన్లు అడిగి మరీ తీసుకుంటున్నారు.

అపోహ: ఇదంతా విదేశీ సరుకు.

సగం నిజం. 1950ల్లో అమెరికాలోని వెస్టర్న్ రిజర్వ్, 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీల వైద్య కళాశాలలు పాఠాలను సబ్జెక్టుల గోడలు దాటించి చెప్పడం మొదలుపెట్టాయి. కానీ వైద్యుడు జనం మధ్యకి వెళ్లి నేర్చుకోవాలని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. శ్రీవాస్తవ కమిటీ 1975లో అదే మాట అంది, 1977లో వైద్య విద్యను పల్లెల వైపు మళ్లించే 'రోమ్' పథకం వచ్చింది. విద్యార్థులు ఊళ్లో కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండే ఇప్పటి కుటుంబ దత్తత కార్యక్రమం కూడా ఆ వరసలోదే. పాత ప్రొఫెసర్లు "ఇలాంటివి ఎన్ని చూశాం" అంటే, నిజంగానే చూశారు!

అపోహ: టీచర్లది ఉత్త నిరాశావాదం.

2023లో రెండు పేపర్లున్న సబ్జెక్టులకు పాస్ మార్కులు 50 నుంచి 40 శాతానికి తగ్గిస్తున్నట్టు జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) చెప్పి, కొద్ది వారాలకే వెనక్కి తీసుకుంది. 2024 ఆగస్టు 31న సీబీఎంఈ కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో స్వలింగ సంబంధాల గురించి రాసిన తీరుపై దుమారం రేగితే సెప్టెంబర్ 5న రద్దయ్యాయి, 12న సవరించి మళ్లీ ఇచ్చారు. ఆ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు సరైనదే. అయితే రెండు వారాల్లో మూడు రకాల కాగితం చూసిన టీచరు "కొన్నాళ్లు ఆగుదాం, మళ్లీ మారుతుందేమో" అనుకోవడంలో వింతేముంది?

అపోహ: టీచర్లు మారితే అంతా మారుతుంది.

పిల్లల్ని కూడా అడగండి. గ్రూప్ డిస్కషన్‌లో వెనక బెంచీవాడు ఫోన్‌లో నీట్ పీజీ ప్రశ్నలు చేసుకుంటుంటాడు. వాణ్ని తప్పుపట్టలేం. వాడి సీటు తేల్చేది బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాడి పాస్ తేల్చేది యూనివర్సిటీ పేపర్లో వ్యాసం, షార్ట్ నోట్స్. బీపీ సరిగ్గా చూశాడా లేదా అన్నదానికి ఈ రెంట్లోనూ మార్కు లేదు. ప్రాక్టికల్స్‌లో ఉండాలి. అక్కడా ఒక్కో విద్యార్థికి దొరికేది కొన్ని నిమిషాలే. మా దగ్గర ఇంటర్నల్స్‌లో బీపీకి విడిగా ఒక స్టేషన్ పెట్టాం, అంటే పిల్లవాడు అక్కడ చేసి చూపించాలి, మేం పక్కన నిలబడి మార్కులేస్తాం. పిల్లవాడు కఫ్ కట్టే ముందు ఎదుటి మనిషికి ఏం చేయబోతున్నాడో చెప్పాడా అన్నదానికి కూడా మార్కు ఇస్తున్నాం. స్టేషన్ పెట్టాక సాయంత్రాలు ల్యాబ్ తాళం అడగడానికి పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తున్నారు. తాళం ఇవ్వడానికి, పక్కన నిలబడడానికి ఒక ట్యూటర్ కావాలి. ఆ పోస్టు భర్తీ చేయమని రాసిన ఫైలు ఇంకా పైనే ఉంది.