‘వెధవ’ ఎక్కువా, ‘షిట్’ ఎక్కువా?

బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల తెలుగు కాపురాలు కొల్లలు. ఆయనది భీమవరం, ఆమెది అనంతపురం, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే, ఒక మూడేళ్ళ పిల్లాడు. అలాంటి ఒకింట్లో తరచూ జరిగే వాదన ఇది. సిల్క్ బోర్డు దగ్గర ఆటో అడ్డమొస్తే ఆయన నోట ‘వెధవ’ అని వచ్చేస్తుంది. వెనక సీట్లోంచి పిల్లాడు ‘వెదవ’ అని అందుకుంటాడు.

“పిల్లోని ముందర ఏం మాటలవి?”

“వెధవ కూడా తిట్టేనా? మా నాన్న నన్ను అలాగే పిలిచేవారు. నువ్వు లాప్‌టాప్ ముందు కూర్చుని షిట్ షిట్ అంటావు, అదేంటి మరి?”

“అది ఇంగ్లీషు కదా. అందరూ అనేదే.”

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆయనకు ‘వెధవ’ నిజంగానే తేలిక, ఆమెకు ‘షిట్’ నిజంగానే తేలిక. చిక్కల్లా ఏమిటంటే, ఇద్దరూ తమ చిన్నప్పటి తూకాలతోనే కొలుస్తున్నారు.

ఈ తూకాన్ని మనిషిని అడక్కుండా అతని వేళ్ళను అడిగిన పరిశోధన ఒకటుంది. మనసు కదిలినప్పుడు వేలికొసల్లో చెమట గ్రంథులు కొద్దిగా చురుకవుతాయి. తడి కంటికి కనిపించదు గానీ, చర్మం గుండా విద్యుత్తు కాస్త సులువుగా పారుతుంది, దాన్ని పరికరంతో కొలవవచ్చు. అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ హ్యారిస్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం అలాంటిదే. టర్కీలో పుట్టి పెరిగి, ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నవాళ్ళకు రెండు భాషల్లోనూ మామూలు మాటలు, బూతులు, చిన్నపిల్లల్ని కసిరే మాటలు వినిపించారు. అన్నిటికన్నా పెద్ద తేడా కనిపించింది కసిరే మాటల దగ్గర. ‘సిగ్గులేదూ?’ లాంటి మాట టర్కిష్‌లో వింటే వేళ్ళు స్పందించాయి. అదే ఇంగ్లీషులో అంటే పెద్దగా చలనం లేదు. ఆ మాటలను టర్కిష్‌లో వాళ్ళు అమ్మానాన్నల నోట విన్నారు, చీవాట్లతో పాటు. ఇంగ్లీషు మాటలకు అలాంటి వెనకటి కథ లేదు. ఆఫీసులో ‘షిట్’ అనేయడం అంత తేలిక ఎందుకో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కథ ఇక్కడితో అయిపోతే ఆవిడ గెలిచినట్టే. కానీ అదే బృందం 2006లో ఇంకో ఫలితం చెప్పింది. పసితనంలోనే స్పానిష్, ఇంగ్లీషు రెండూ నేర్చుకున్నవాళ్ళలో ఈ తేడా కనబడలేదు. రెండు భాషలూ ఒకేలా తగిలాయి. మన పిల్లాడి సంగతి చూడండి. ఇంట్లో తెలుగు, ప్లేస్కూల్లో ఇంగ్లీషు, కింద ఆటస్థలంలో కన్నడం, అన్నీ నాలుగేళ్ళలోపే. ‘ఇంగ్లీషే కదా’ అని అమ్మ ఇచ్చుకున్న రాయితీ వాడికి వర్తించకపోవచ్చు. ‘మా గోదావరి జిల్లాల్లో మామూలే’ అని నాన్న చెప్పే మాట అసలే వర్తించదు, వాడు పెరుగుతున్నది గోదావరి గట్టున కాదు కాబట్టి.

మరి వాడి తూకం ఎక్కడ తయారవుతుంది? చాలావరకు మన ముఖాల్లో. 1985 నాటి ఒక ప్రయోగంలో గట్టి గాజుపలక కింద కొంత దూరం తర్వాత గుంత ఉన్నట్టు కనిపించేలా బల్ల అమర్చి, దాని మీద ఏడాది పిల్లల్ని వదిలారు. గుంత మరీ లోతుగా కాకుండా, ‘వెళ్ళవచ్చా, కూడదా’ అని సందేహం కలిగేంత మాత్రమే ఉంది. పిల్లలు అంచున ఆగి అవతలి వైపున్న అమ్మ ముఖం చూశారు. అమ్మ నవ్విన 19 మందిలో 14 మంది పాకుతూ దాటేశారు. అమ్మ భయం చూపించిన 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఆ ప్రయోగం తిట్ల గురించి కాదు, నిజమే. అయినా కొత్త మాట నోట్లోంచి ఊడిపడ్డాక మూడేళ్ళవాడు చేసే మొదటి పని గమనించండి. మన వైపు చూస్తాడు. అప్పుడు నాన్న ముసిముసిగా నవ్వి, అమ్మ గుడ్లురిమిందంటే, అంత ఆసక్తికరమైన మాట వాడికి ఆ వారంలో ఇంకొకటి దొరకదు. వీడియో కాల్‌లో అమ్మమ్మకి ‘ఏదీ, మళ్ళీ అను’ అని చెప్పించి చూపించే ఇళ్ళూ ఉన్నాయి. ఆ తర్వాత మానమంటే మానతాడా?

వాడి ముందు కాకుండా పక్కగదిలో అనుకుంటే సరిపోతుందా అంటే, అదీ నమ్మకం లేదు. తమతో కాకుండా పెద్దవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు దొర్లిన కొత్త మాటల్ని కూడా రెండేళ్ళ పిల్లలు పట్టేస్తారని నమీరా అఖ్తర్ 2001లో చూపించారు. అమెరికాలో టిమతీ జే అనే మనస్తత్వవేత్త పిల్లల తిట్లను దశాబ్దాల పాటు సేకరించారు. అక్కడి పిల్లలకు బడిలో చేరే వయసుకే పదులకొద్దీ తిట్లు వచ్చని ఆయన లెక్క. కాబట్టి ‘మా వాడికి ఒక్కటీ తెలియకుండా పెంచుతాం’ అనే పంతం నెగ్గేది కాదు.

నాన్న ‘రేపట్నుంచి మానేస్తా’ అంటే మానలేకపోవడానికీ కారణం ఉంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని పరీక్షించాడు. ఏళ్ళ తరబడి అతని నోట ‘టాన్’ అన్న ఒక్క ముక్కే వచ్చేది. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. మెదడులో మాటకు సంబంధించిన చోటు గురించి మనకు తెలిసిన తొలి ఆధారాల్లో అది ఒకటి. అంతటి మూగవాడికీ కోపం తన్నుకొస్తే మాత్రం దేవుడి పేరు మీద ఒక ఫ్రెంచి తిట్టు స్పష్టంగా వచ్చేదట! ఆలోచించి పేర్చుకునే మాట వేరు, అసంకల్పితంగా తన్నుకొచ్చే తిట్టు వేరు. రెండోదానిలో మెదడు కుడి సగానికీ, లోపలెక్కడో అలవాట్లను నడిపించే బేసల్ గాంగ్లియాకూ పాత్ర ఉందంటారు. ఆటో అడ్డొచ్చిన క్షణంలో ఆయన ఒక మాటను ఎంచుకోవడం లేదు. చేయగలిగిందల్లా పాత అలవాటు స్థానంలో ఇంకో అలవాటు పెట్టుకోవడమే. ‘అబ్బా’, ‘ఓరి నాయనో’ లాంటివి కూడా అంతే కసిగా అనవచ్చు.

ఇంతకీ నష్టం ఎంత? పాలు ఒలికిపోతే నోరు జారి వచ్చిన మాట వల్ల పిల్లలు పాడైపోయారని చెప్పగలిగే ఆధారం నా ఎరుకలో లేదు. మాటను మనిషి మీదికి విసిరితే సంగతి వేరు. మింగ్-టె వాంగ్, సారా కెనీ అనే పరిశోధకులు అమెరికాలో 976 కుటుంబాలను గమనించారు. పదమూడేళ్ళ పిల్లల మీద తల్లిదండ్రులు అరవడం, తిట్టడం, ‘సోమరిపోతు, మొద్దు’ అని కించపరచడం ఎక్కువగా ఉన్న ఇళ్ళలో ఏడాది తిరిగేసరికి పిల్లల్లో దురుసుతనం, దిగులు పెరిగాయి. మిగతా వేళల్లో ప్రేమగా చూసుకున్నా ఆ లోటు పూడలేదు. గమనించండి, ‘మొద్దు’ ఏ లెక్కన చూసినా బూతు కాదు. అందుకే నా మటుకు నాకు, కీబోర్డును చూసి అన్న ‘షిట్’ కన్నా పిల్లాణ్ణి చూసి అన్న ‘ఎందుకూ పనికిరావు’ చాలా పెద్ద తిట్టు. ఆటోవాలా మీద పడిన ‘వెధవ’ ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఆ ఇంట్లోనే ఇంకో ముచ్చట. పిల్లాడు కింద ఆడుకుని వచ్చి ‘బేవర్సి’ అన్నాడు. ఇద్దరికీ మన ‘బేవార్సు’ గుర్తొచ్చి, పనీపాటా లేనివాడనే కదా అని నవ్వేశారు. పక్క ఫ్లాట్ కన్నడ ఆంటీ మాత్రం నవ్వలేదు. కన్నడంలో అది అంత తేలిక మాట కాదు, అనాల్సింది కాదని ఆవిడే చెప్పారు. తూకం విషయంలో భార్యాభర్తలు తొలిసారి ఒక్కమాట మీద ఉన్నది అక్కడే, ఇద్దరూ పొరబడింది కూడా అక్కడే.

మిగిలింది వాళ్ళ వాదన. తిట్టు కన్నా నాకు దాని మీదే ఎక్కువ అనుమానం. అమెరికాలోని ఒరెగాన్‌లో పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల నుంచి ఏడాది లోపు పసిపిల్లలు నిద్రపోతుండగా మెదడు స్కాన్ తీస్తూ, అర్థం లేని వాక్యాలను రకరకాల గొంతులతో వినిపించారు. అమ్మానాన్నల మధ్య గొడవలు ఎక్కువున్న ఇళ్ళ పిల్లల్లో, బాగా కోపంగా ఉన్న గొంతుకు ఒత్తిడితో సంబంధమున్న మెదడు భాగాలు ఎక్కువగా స్పందించాయి. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, నిద్రలో ఉన్నా!

అలాగని ఎప్పుడూ తలుపులు వేసుకునే పోట్లాడుకోవాలని కాదు. మార్క్ కమింగ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఏళ్ళపాటు చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, పెద్దల గొడవ రాజీతో ముగియడం చూసిన పిల్లల్లో కలవరం బాగా తగ్గుతుంది. రాజీ కళ్ళారా చూడకపోయినా, ‘మేం మాట్లాడుకున్నాం, సర్దుకున్నాం’ అని తర్వాత చెప్పినా కొంత మేలే. కారులో మొదలైన గొడవను ఆఫీసు కాల్ వచ్చిందని మధ్యలో వదిలేసి, రాత్రి పిల్లాడు పడుకున్నాక తేల్చుకునే జంటలు చాలా ఉన్నాయి. వాడు చూసింది మొదటి సగమే. రెండో సగం పొద్దున పాలు తాగించేటప్పుడైనా వాడికి చెప్పాలి.