కార్పల్ టన్నెల్: తప్పంతా కీబోర్డుదేనా?

మణికట్టు దగ్గరి ఇరుకు దారిలో నరం నలిగి వేళ్లు తిమ్మిరెక్కే జబ్బు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. అది ఎందరికి ఉందని అడిగేముందు, ఎలా లెక్కపెట్టారో చూడాలి. 1999లో వెలువడిన దక్షిణ స్వీడన్ సర్వే ఈ విషయంలో ఇప్పటికీ కళ్లు తెరిపిస్తుంది. 25 నుంచి 74 ఏళ్లవాళ్లను అడిగితే, బొటనవేలి వైపు వేళ్లలో నొప్పి, తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నాయని 14.4 శాతం మంది చెప్పారు. డాక్టర్లు పరీక్షించి చూశాక ఆ లెక్క 3.8 శాతానికి దిగింది. నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలిచే నరాల వాహకత పరీక్షలో కూడా తేడా కనిపించి తీరాలంటే మిగిలింది 2.7 శాతమే. ఇంకో విశేషమేమిటంటే, ఏ బాధా లేనివాళ్లలో కొందరికి అదే పరీక్ష చేస్తే 18 శాతం మందిలో మణికట్టు దగ్గర నరం మందగించినట్టు తేలింది. కాబట్టి వేళ్లు తిమ్మిరెక్కినంత మాత్రాన ఈ జబ్బు అనుకోనక్కర్లేదు, రిపోర్టులో తేడా వచ్చినంత మాత్రాన ఆపరేషన్‌కు పరుగెత్తనక్కర్లేదు. బాధ, పరీక్ష రెండూ ఒకే నరం వైపు చూపించాలి.

ఆ నరం పేరు మీడియన్ నరం. మణికట్టులోని 8 చిన్న ఎముకలు అడుగున వంపు తిరిగి ఉంటాయి. వాటి మీద అడ్డంగా, గట్టి పట్టీలాంటి లిగమెంట్ బిగిసి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఇరుకు దారిలోంచి వేళ్లను మడిచే 9 టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు ఈ ఒక్క నరం అరచేతిలోకి వెళ్తాయి. ఈ దారే కార్పల్ టన్నెల్. ఈ దారి గడియారం పట్టీ కట్టుకునే చోట ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇంకాస్త ముందు, మణికట్టు గీత దాటాక అరచేతి మొదట్లో ఉంటుంది. ఎముకలు సాగవు, లిగమెంట్ పెద్దగా సాగదు. లోపల ఏది కొంచెం ఉబ్బినా నలిగేది నరమే.

ఎంత నలుగుతుందో 1981లో సన్నని గొట్టం లోపలికి పంపి కొలిచారు. మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతుల్లో లోపలి ఒత్తిడి సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, రోగుల్లో 32. చెయ్యి పూర్తిగా కిందికి వంచితే ఆరోగ్యవంతుల్లో 31కి, రోగుల్లో 94కి చేరింది. వెనక్కి వంచితే రోగుల్లో 110 దాకా పోయింది. నరానికి రక్తం అందించే సన్నని నాళాలు ఈ స్థాయి ఒత్తిడికి మూసుకుపోతాయి. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు మడిచి పడుకుంటాం, కదలిక లేక చేతిలో నీరు నిలుస్తుంది. అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ రావడం, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గడం ఈ జబ్బుకు పెద్ద గుర్తు కావడానికి కారణం అదే.

ఇక వేళ్ల సంగతి. చిటికెన వేలికి మీడియన్ నరంతో సంబంధం లేదు, దాన్ని చూసుకునేది అల్నార్ నరం. ఉంగరపు వేలు ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. దాన్ని రెండు పక్కలా దూదితో మెల్లగా తాకి చూస్తే, మధ్యవేలి వైపు మొద్దుగా, చిటికెన వేలి వైపు మామూలుగా ఉన్నట్టు తెలుస్తుంది. ఒకే వేలు నిలువునా రెండుగా చీలినట్టుండే ఈ తేడా ఉంటే అనుమానం బాగా బలపడుతుంది. అరచేతి మధ్యభాగంలో స్పర్శ మాత్రం చెడదు, ఎందుకంటే అక్కడికి వెళ్లే కొమ్మ ఆ ఇరుకు దారిలోకి దూరకుండా లిగమెంట్ పైనుంచే పోతుంది. అరచెయ్యి కూడా మొద్దుబారిందంటే సమస్య ఇంకా పైన, మెడలోనో మోచేయి దగ్గరో ఉందేమో చూడాలి.

ఎవరికి ఎక్కువ? ముందు ఆడవాళ్లకి. అమెరికాలోని రోచెస్టర్‌లో 1981 నుంచి 2005 దాకా రికార్డులు తిరగేస్తే, ఏటా లక్ష మంది ఆడవాళ్లలో 491 కొత్త కేసులు, మగవాళ్లలో 258 లెక్క తేలాయి. మొత్తం మీద 376. అదే ఊళ్లో 1961–1980 మధ్య ఈ సంఖ్య 99 మాత్రమే. జబ్బే పెరిగిందా, గుర్తించడం పెరిగిందా అన్నది ఈ అంకెలతోనే తేలదు, రెండూ కొంత నిజమే అయుండాలి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ ప్రాంతంలో తేడా ఇంకా ఎక్కువ: ఆడవాళ్లలో 9.2 శాతం, మగవాళ్లలో 0.6 శాతం. వయసు పరంగా 45–60 మధ్య, అందులోనూ ముట్లాగే సమయంలో ఎక్కువగా బయటపడుతుంది.

మన దగ్గర మొదట అడగాల్సింది షుగర్ గురించి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే టెండన్ల చుట్టూ ఉండే పొర బిరుసెక్కుతుంది. నరం కూడా అప్పటికే దెబ్బతిని ఉంటుంది కాబట్టి కొద్దిపాటి ఒత్తిడినీ తట్టుకోలేదు. కెనడాలో చేసిన ఒక పరిశీలనలో షుగర్ ఉండి నరాల జబ్బు లేనివాళ్లలో 14 శాతం మందికి, రెండూ ఉన్నవాళ్లలో 30 శాతం మందికి కార్పల్ టన్నెల్ కనిపించింది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. షుగర్ ఉన్న మనిషి చెయ్యి తిమ్మిరంటే ‘షుగర్ వల్లేలే’ అని వదిలేస్తారు. షుగర్ వల్ల వచ్చే సాధారణ నరాల జబ్బు ముందు అరికాళ్లలో, రెండు వైపులా మొదలవుతుంది. కాళ్లు బాగుండి ముందు చేతివేళ్లు మొద్దుబారితే మణికట్టును అనుమానించాలి.

థైరాయిడ్ తక్కువైనా, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్లవాతం ఉన్నా, మణికట్టు ఎముక విరిగి వంకరగా అతుక్కున్నా దారి ఇరుకవుతుంది. గర్భంతో ఉన్నవాళ్లకి చివరి నెలల్లో ఒంట్లో నీరు చేరడం వల్ల వస్తుంది, కాన్పు తర్వాత చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఊబకాయం స్వతంత్రంగా ముప్పు పెంచుతుంది. ఏళ్లుగా డయాలసిస్ మీదున్నవాళ్లలో, రొమ్ము క్యాన్సర్‌కు ఆరోమాటేజ్ ఇన్‌హిబిటర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే) మాత్రలు వాడేవాళ్లలో కూడా చూస్తాం. వంశం పాలు తక్కువేం కాదు: బ్రిటన్‌లో ఆడ కవలల మీద జరిగిన అధ్యయనం ఈ ముప్పులో దాదాపు సగం జన్యువులదేనని లెక్కకట్టింది. అరుదైనదే అయినా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. 60 దాటిన మగవాళ్లకి రెండు చేతుల్లోనూ ఈ జబ్బు వస్తే, గుండె కండరంలో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీన్‌కు అది కొన్నేళ్ల ముందస్తు సూచన కావచ్చు. ఆయాసం, కాళ్ల వాపు తోడైతే గుండె డాక్టరును కలవాలి.

పని సంగతికొస్తే, అమెరికన్ ఫ్యాక్టరీల్లో జరిపి 1987లో ప్రచురించిన పరిశీలన చాలా స్పష్టంగా చెప్పింది. బలం తక్కువ, కదలికలు తక్కువ ఉన్న పనుల్లో 0.6 శాతం మందికి, బలమూ కదలికల వేగమూ రెండూ ఎక్కువున్న పనుల్లో 5.6 శాతం మందికి ఈ జబ్బు ఉంది. వీటికి అదురు తోడైతే ఇంకా చెడ్డది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ మెషిన్ పట్టేవాళ్లకి బలం, అదురు రెండూ ఉన్నాయి. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టేవాళ్లకి బలం తక్కువే, కానీ వేళ్లకు విశ్రాంతి ఉండదు. కంప్యూటర్ మీద పడ్డ నింద మాత్రం దాని తప్పుకంటే పెద్దది. డెన్మార్క్‌లో దాదాపు 7 వేల మంది ఉద్యోగుల్ని గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 20 గంటలకు మించి మౌస్ పట్టేవాళ్లలో తిమ్మిరి కాస్త పెరిగింది గానీ, కీబోర్డుకీ జబ్బుకీ సంబంధం తేలలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగికి వేళ్లు తిమ్మిరెక్కితే కొత్త కీబోర్డు కొనేముందు హెచ్‌బీఏ1సీ (షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని.

ఇంట్లో చూసుకోగలిగిన పరీక్షలు రెండున్నాయి. మోచేతులు బల్ల మీద ఆనించి, రెండు చేతుల వెనక భాగాలూ ఒకదానికొకటి తగిలేలా మణికట్లు కిందికి వంచి 60 సెకన్లు ఉంచాలి. లేదా అరచేతి మొదట్లో, ఇందాక చెప్పిన ఇరుకు దారి మీద, రెండో చేతి బొటనవేలితో 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టాలి. ఆ లోపే మొదటి మూడు వేళ్లలో తిమ్మిరి మొదలైతే అనుమానం నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఏమీ కాకపోతే జబ్బు లేదని మాత్రం కాదు. స్పర్శలేని మచ్చ చర్మం మీద ఎక్కడైనా ఉంటే కుష్ఠు పరీక్ష చేయించాలి, మన దేశంలో అది ఇంకా నరాల్ని దెబ్బతీస్తూనే ఉంది.

తేలికపాటి దశలో రాత్రిపూట మణికట్టును తిన్నగా పట్టి ఉంచే స్ప్లింట్ వేసుకోవడమే మొదటి వైద్యం, కనీసం 6 వారాలు. మందుల షాపులో దొరికే స్ప్లింట్లలో చాలావాటికి లోపలి రేకు వెనక్కి వంగి ఉంటుంది. దాన్ని బయటికి తీసి తిన్నగా చేసి మళ్లీ దూర్చకపోతే, మణికట్టు రాత్రంతా వెనక్కి వంగే ఉంటుంది, పైన చెప్పిన ఒత్తిడి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నొప్పి మాత్రలు ఇందులో పెద్దగా పనిచేయవు, ఎందుకంటే టెండన్ల పొరలో కనిపించేది ఎక్కువగా గట్టిపడటం, నీరుపట్టడమే తప్ప మాత్రలతో చల్లారే వాపు కాదు. బి6 మాత్రలు నయం చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, మోతాదు మించితే అవే నరాల్ని పాడుచేస్తాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని నెలలు ఉపశమనం ఇస్తుంది.

తిమ్మిరి పగలూ రాత్రీ తగ్గకపోతే, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమైతే, బొటనవేలి అడుగున ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ పల్లమైతే ఇక ఆగకూడదు. ఆపరేషన్‌లో ఆ లిగమెంట్‌ను నిలువునా కోసి దారి వెడల్పు చేస్తారు. రాత్రి తిమ్మిరి సాధారణంగా కొద్దిరోజుల్లోనే పోతుంది. అరచేతి మొదట్లో నొప్పి, పట్టు బలహీనత కొన్ని వారాల నుంచి నెలల దాకా ఉంటాయి. ఏడాదిగా మొద్దుబారిన వేళ్లకు స్పర్శ రావడానికి నెలలు పడుతుంది, పూర్తిగా కరిగిపోయిన కండ మాత్రం తిరిగి రాకపోవచ్చు.